అతుకు ఎవరిదని అడిగినందుకు

పోయిన నెల మా సమాజం హాలులో పని మానేసిన ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టి, ఒక పెద్దమనిషి గంటన్నర సేపు సంతోషంగా బతకడం ఎలాగో చెప్పాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మైకు. జీవితంలో వచ్చే ప్రతి మార్పూ మనల్ని ఒక మెట్టు పైకి తీసుకుపోతుందట, మనం నవ్వుతూ ఎక్కడమే తరువాయట. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, పైకెక్కినంక కింద ఇడిసిపెట్టి వచ్చినదాని సంగతేందని అడిగాను. ఆయన చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని, నా కోసం అందరి చేతా చప్పట్లు కొట్టించి, తన ఉపన్యాసం తాను చెప్పుకుపోయాడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను.

అందుకని రాస్తున్నాను. మా చాళీలోనే, అంటే ఈ వరుస గదుల ఇళ్లలోనే, ఇద్దరు ముగ్గురు కుర్ర పిల్లలు కొత్తగా వైపనిలోకి పోతున్నారు. వాళ్లకి ఈ పని గురించి చెప్పేవాళ్లు లేరు. నేను బడికి పోయినవాణ్ణి కాను. బొంబాయి పక్కన ఈ భివండికి వచ్చాక పొట్లాలు కట్టిన తెలుగు పేపర్లు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి తప్పులుంటే దిద్దుకుని చదవండి. ముప్పై ఏళ్లు వైపని చేశాను, మధ్యలో పద్నాలుగు నెలలు జాబర్‌గా ఉన్నాను. ముప్పై ఏళ్ల గురించి చెప్పడం తేలికే. ఆ పద్నాలుగు నెలలే నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పని ఏమిటంటే

సాంచా అంటే కరెంటు మగ్గం. దాని మీద భీము అయిపోతుంది. భీము అంటే పడుగు నూలంతా చుట్టి ఉండే ఇనుప రోలరు. పాత భీము అయిపోయినా, దాని పోగుల కొసలు పోగులను విడదీసే అచ్చులో, దువ్వెన లాంటి ఫణిలో అలాగే ఉంటాయి. వాటిని తియ్యరు. వెనక కొత్త భీము ఎక్కించి, దాని ఒక్కో పోగును పాత పోగు కొసకు వేళ్లతో మెలిపెట్టి అతకాలి. మామూలు గుడ్డకైనా రెండు వేల పైచిలుకు పోగులు. అదే వైపని. అన్నీ అతికాక ముందుకు మెల్లగా లాగితే, అతుకులన్నీ ఒక వరుసగా అచ్చులోంచి, ఫణిలోంచి దాటి ఇవతలికి వస్తాయి. ఒక్కటీ తెగకుండా దాటితే మీ పని బాగున్నట్టు. మీరు బాగున్నట్టు కూడా అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి.

వేళ్లకు బూడిద రాసుకోండి, సుద్దపొడి వద్దు. సుద్ద చర్మాన్ని పగలగొడుతుంది. గోడకు ఆనుకుని కూర్చోవద్దు, సాంచాల అదురు గోడలోంచి నడుములోకి వస్తుంది. గంటకోసారి లేవండి. సేటు చూస్తే చూడనివ్వండి. నడుము సేటుది కాదు.

వైపనికి ఇద్దరు కూర్చుంటారు. ఒకడు ఎడమ అంచు నుంచి, ఇంకొకడు కుడి అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తారు. నాకు జోడీ దావీదు. మాది ఒకే తాలూకా. గైబీ నగర్‌లో పక్కపక్క గల్లీలలో ఉండేవాళ్లం. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న. ఆదివారం చర్చికి పోయి పాటలు పాడేవాడు. మిగతా ఆరు రోజులూ నాతో కూర్చునేవాడు. కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు ఒకేసారి కొడుతుంటే నోటి మాట వినపడదు. బిగించి ఉన్న పడుగు మీద వాడి వేలు కదిలితే నా వేలికి తెలిసేది. రెండుసార్లు లాగితే చాయ్. ఒకసారి గట్టిగా లాగితే సేటు వస్తున్నాడు. ఊరికే వణికిస్తే వాడు నవ్వుతున్నాడని అర్థం. దేనికి నవ్వుతున్నాడో మధ్యాహ్నం అన్నం దగ్గరగానీ చెప్పేవాడు కాదు. పదకొండేళ్లు అలా కూర్చున్నాం.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. పుస్తకంలో రాసింది కాదు, మాకు నేర్పిన ముసలాయన చెప్పింది. మధ్యలో ఇద్దరూ కలిసినప్పుడు ఒక పోగు మిగిలిందనుకోండి, లేదా తక్కువైందనుకోండి, ఎక్కడో ఎవడో తప్పాడన్నమాట. అప్పుడు ఎవడని అడగకూడదు. ఇద్దరూ లెక్కపెట్టి సమానంగా వెనక్కి పోవాలి. నువ్వు ఇరవై పోగులు, వాడు ఇరవై పోగులు చూసుకోవాలి. దొరకకపోతే ఇంకో ఇరవై. దొరికాక సరిచేసి ముందుకు రావాలి, నోరెత్తకూడదు. ఎందుకని అప్పట్లో అడగలేదు. ఇప్పుడు అడిగేవాళ్లకు చెప్తాను. ఎవడని తెలిసిన మరుక్షణం నుంచి ఒకడు రెండోవాడి చేతులే చూస్తూ కూర్చుంటాడు. తన పోగులు చూసుకోడు.

జాబర్ సాబ్

తొంభైల మధ్యలో మా జాబర్ ఊరికి పోయి మళ్లీ రాలేదు. సాంచాలు బాగుచెయ్యడం, పని పంచడం, పనివాళ్లను అదిలించడం జాబర్ పని. సేటు పేరు నర్సింలు, మావాడే. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, ఇకనుంచి నువ్వే జాబర్‌వి అన్నాడు. సాంచా విప్పి బిగించడం పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నవాణ్ణి, పని తెలియక కాదు. ఒప్పుకున్నాను. దావీదును అడగలేదు. అడగాలని తట్టలేదు.

మా ఇంటావిడ లచ్చవ్వ చాళీ అంతా తిరిగి చెప్పి వచ్చింది. నడుస్తుంటే అందరూ జాబర్ సాబ్ అన్నారు. నడుము నొప్పి పోయింది. కూర్చోవడానికి కుర్చీ, నెత్తిమీద ఫ్యాను వచ్చాయి. మూడు నెలలు తిరిగేసరికి నాకు అన్నం సయించడం మానేసింది.

ఇది చదివి నవ్వకండి. డాక్టరు దగ్గరికి పోతే గ్యాస్ అన్నాడు. ఇంకో డాక్టరు కూడా గ్యాస్ అన్నాడు. భివండిలో మనిషికి ఏమైనా గ్యాసే. పొద్దున లేస్తే ఏదో మర్చిపోయినట్టు ఉండేది. ఏమిటో తెలిసేది కాదు. తాళంచెవి జేబులోనే ఉండేది, డబ్బా చేతిలోనే ఉండేది. అయినా గల్లీ మలుపు దాకా పోయి వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

లచ్చవ్వకు కోపం వచ్చింది. "ఏందయ్యా, మా అక్క మొగడు జాబర్ అయితనని అయితనని ఆశపడి సచ్చిండు. నీకు కాళ్లకాడికొచ్చె. గట్ల ముఖం మాడ్చుకొని కూసుంటవేంది?"

నాకే తెలిస్తే చెప్పేవాణ్ణి. తెలియదంటే నమ్మలేదు. మనిషికి తన కడుపులో ఏముందో తెలియకుండా ఉంటుందా అంది. ఉంటుంది. పిల్లలకు ఇది కూడా రాయాలనే రాస్తున్నాను. మంచి జరిగినప్పుడు మంచిగా అనిపించకపోతే మీకు జబ్బు ఉన్నట్టు కాదు. అలాగని మంచి జరగనట్టు కూడా కాదు. మరేమిటంటే నన్ను అడగకండి.

కార్ఖానాలో తిరుగుతూ వైపని జరిగే చోట ఎక్కువసేపు నిలబడేవాణ్ణి. దావీదుకు సదానందం అని సిరిసిల్ల నుంచి కొత్తగా వచ్చినతను జోడీ అయ్యాడు. అతని వేళ్లు ఇంకా బిరుసుగా ఉండేవి. వంకలు పెట్టేవాణ్ణి. పోగు కొస పొడుగు వదులుతున్నావనీ, మెలి సరిగ్గా లేదనీ. నిజానికి కొస పొడుగ్గా వదిలే అలవాటు నాది. ఆ అలవాటు మీద నన్ను మా ముసలాయన ఎన్నోసార్లు తిట్టాడు. జాబర్ అయ్యాక అదే తిట్టు ఇంకొకడి మీద వేశాను. పెద్ద కుర్చీ దొరికినవాళ్లలో ఇలా చెయ్యనివాణ్ణి నేను చూడలేదు. నేనూ అదే చేశానని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

ఎర్ర పోగు

ఒకసారి లుంగీ గుడ్డకు చారల భీము వచ్చింది. తెలుపు మీద ఎర్ర చారలు. చారల భీము అతకడం కష్టం. పక్కపక్క రెండు పోగులు ఒకదాని చోట ఒకటి పడితే, తెలుపులో ఎర్ర గీత బయలుదేరి భీము ఉన్నంతవరకూ పోతుంది. దావీదు, సదానందం కూర్చున్నారు. మధ్యాహ్నం సదానందం ఇంటి నుంచి నల్లా వచ్చిందని కబురొచ్చింది. అప్పట్లో వాళ్ల గల్లీలో నీళ్లు రెండు రోజులకోసారి అరగంట వచ్చేవి. అతను పరుగెత్తాడు. ఆ అరగంట అతని చోట నేను కూర్చున్నాను.

ఎవరూ కూర్చోమనలేదు. జాబర్ అలా కూర్చోడు కూడా. వేళ్లకు బూడిద రాసుకుని పోగు పట్టుకోగానే కడుపులో ఏదో సర్దుకున్నట్టయింది. ఆ రోజు ఆకలి కూడా వేసింది. దావీదు పడుగును వణికించాడు, నేనూ వణికించాను. సదానందం వచ్చాక లేచి, చేతులు తుడుచుకుని, మళ్లీ జాబర్‌ని అయ్యాను.

సాంచా నడిచింది. రెండు రోజుల తర్వాత గుడ్డ మడతపెట్టేవాడు ఎర్ర గీత చూశాడు. అప్పటికే పది తాగాలు అయిపోయాయి. తాగా అంటే అమ్మడానికి కోసిన గుడ్డ ముక్క. సేటు కార్ఖానాకు వచ్చి అన్ని సాంచాలూ బందు చేయించాడు. నేను అక్కడ ఉన్న అన్నేళ్లలో అన్నీ ఒకేసారి ఆగడం అదే చూశాను. చెవులు హోరెత్తాయి. గీత మధ్యకు దగ్గర్లో ఉంది, ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. సేటు నన్ను చూశాడు. అందరి ముందూ నేను అడిగాను.

"ఈ అతుకు ఎవరిది?"

దావీదు నన్ను ఒకసారి చూశాడు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. "నాదే," అన్నాడు. సేటు వాణ్ణి ఆ పూటే పంపించాడు. ఒట్టేసి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు తెలియదు. వాడిదే అనుకున్నాను. వాడి మీద కోపం కూడా వచ్చింది, చర్చి పాటల ధ్యాసలో ఉంటాడని.

మర్నాడు ఆ భీము మొదటి తాగా మూలన పడి ఉంటే చేతిలోకి తీసుకున్నాను. మొదటి తాగాలోనే అతుకులన్నీ ఒక వరుసగా నేతలోకి వచ్చేస్తాయి. ఎర్ర గీత మొదలైన చోట చూశాను. కొస గోరంత పొడుగ్గా ఉంది. సదానందం కొసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. దావీదు కొసలు అసలు కనపడవు. ఇది నాది. పక్కన ఉన్న ముప్పై నలభై అతుకులూ నావే.

గుడ్డ మడిచి అక్కడే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలలు

భివండిలో వైపని మనిషికి పేరొక్కటే ఆస్తి. ఒక సేటు వద్దంటే ఆ మాట చాయ్ దుకాణాల మీదుగా సాయంత్రానికి పది కార్ఖానాలు తిరుగుతుంది. దావీదు గైబీ నగర్‌లో అడిగిన ప్రతిచోటా లేదన్నారని సదానందం చెప్పాడు. చివరికి వాడు ఇల్లు ఖాళీ చేసి, భివండిలోనే కనేరి పేటకు పోయి, సాంచా నడిపే పనిలో చేరాడు. ఇరవై ఏళ్లు వైపని చేసిన వేళ్లవి. సాంచా నడిపేవాడికి వేళ్లతో పనేముంది, పరుగెత్తే కాళ్లుండాలి.

నేను నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. ఇక్కడ అందరూ పశ్చాత్తాపం, కన్నీళ్లు అని రాస్తారు. నాకు అలాంటిది రాలేదు. పైగా అన్నం సయించింది, నిద్ర పట్టింది. లచ్చవ్వ సంతోషించింది, గ్యాస్ తగ్గిందంది. ఆ నాలుగు నెలలే నాకు అన్నిటికంటే భయం. తప్పు చేసినవాడు బాగుండటం, తప్పు చెయ్యకముందు బాగుండకపోవడం, ఇది ఏ లెక్కలోకి వస్తుంది? హాలులో మైకు పట్టుకున్న పెద్దమనిషిని అసలు ఇది అడగాల్సింది.

ఎందుకు చెప్పానో కూడా సరిగ్గా తెలియదు. సదానందం వేలికి గాయమై, ఒకరోజు నేను మళ్లీ వైపనికి కూర్చోవలసి వచ్చింది. పోగు పట్టుకున్నాను. ఎదురుగా ఎవరో కొత్తవాడు. పడుగు వణికించాను, అలవాటు కొద్దీ. అతను నా ముఖం చూసి, ఏమైంది సాబ్ అని చేత్తో అడిగాడు. అక్కడి నుంచి లేచి నేరుగా సేటు దగ్గరికి పోయి, అతుకు నాది అని చెప్పాను.

ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మ పోయినప్పుడు జీపు మాట్లాడి నన్ను ఊరికి పంపింది ఆయనే. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరిదైతేందిరా ఇప్పుడు? వాడే ఒప్పుకున్నడు గద. నాలుగు నెలలైనంక నువ్వొచ్చి నాదంటె, నా సాంచల కాడ రేపటి సంది ఎవడన్న జాబర్ మాట ఇంటడా? పో, పని జూసుకో."

మిగతా సేట్లకు ఆ మాట చెప్పమన్నాను. చెప్పనన్నాడు. అయితే నేనే చెప్తానన్నాను. చెప్తే ఇక్కడికి మళ్లీ రావద్దన్నాడు. చాలామంది మంచి యజమానులు ఇంతవరకే మంచివాళ్లు. పిల్లలు గుర్తుపెట్టుకోండి, కోపం కూడా వద్దు. వాళ్లకు కార్ఖానా నడవాలి.

తొమ్మిది కార్ఖానాలు తిరిగాను. దావీదును కాదన్న ప్రతిచోటికీ పోయి, ఆ తప్పు దావీదుది కాదు నాది అని నిలబడి చెప్పాను. ఏదో గొప్పగా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. రెండు చోట్ల దావీదు ఎవరని అడిగారు. తప్పేమిటో కూడా వాళ్లకు తెలియదు, పక్కవాడు వద్దన్నాడని వీళ్లూ వద్దన్నారంతే. దానికే ఒక మనిషి గల్లీ వదిలిపోయాడు. నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. ఒక సేటు మాత్రం శ్రద్ధగా విని, "మంచిది. అంటే ఇగ నిన్ను పెట్టుకోవద్దన్నట్టు, అంతే గద?" అన్నాడు. అంతేనన్నాను. చాయ్ తెప్పించాడు. తాగి వచ్చాను.

జాబర్‌గిరీ పోయిందని తెలిసిన రోజు నుంచి లచ్చవ్వ మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, పక్క వేసేది. నోరు మాత్రం విప్పేది కాదు.

కనేరి

ఒక ఆదివారం కనేరి పోయాను. దావీదు చర్చి నుంచి వచ్చి ఇంకా చొక్కా మార్చుకోలేదు. వాడి భార్య మరియమ్మ నన్ను చూసి లోపలికి పోయింది. నేను తలుపు దగ్గరే నిలబడి, దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మర్చిపోయి, అతుకు నాది అని మాత్రం అన్నాను.

"ఎరుకే," అన్నాడు. "నీ కొస నాకెరుక లేదా రాజన్నా? ఆనాడే ఎరుక."

"మరి నాదే అని ఎందుకన్నవ్?"

"నువ్వు అడిగితివి గద." కుర్చీ నా వైపు జరిపాడు. "అడుగొద్దని ఇద్దరికీ ఎరుక. అయినా నువ్వడిగినవ్. గప్పుడు ఎవరిదైతే ఏంది. అడిగినోని కాడ ఉండబుద్ధి కాలే. అందుకే నాదన్న."

నేను తొమ్మిది కార్ఖానాల సంగతి చెప్పాను. వాడికి తెలుసు. మూడు చోట్ల నుంచి రమ్మని కబురు వచ్చిందట. రెండు చోట్ల వాడి పేరే గుర్తులేదన్నారని నేను చెప్తే, వాడు పడీ పడీ నవ్వాడు. మరియమ్మ లోపలి నుంచి తొంగిచూసింది. సాంచా నడిపి నడిపి కాళ్లు వాచాయని, వైపనికి తిరిగి పోతానని చెప్పాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. జోడీగా కూర్చుందామా అని అడిగాను. ఎక్కడైనా సరే, నీకు నచ్చిన కార్ఖానాలో అన్నాను.

వాడు చొక్కా గుండీలు విప్పుకున్నాడు.

"నీతోని కూసోను రాజన్నా. ఇంటికి రా, అన్నం తిను. నా బిడ్డ పెండ్లికి నువ్వే పెద్దమనిషివి. పని కాడ మాత్రం వద్దు."

మరియమ్మ అన్నం పెట్టింది, చేపల పులుసు. తిన్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను. వాడు వాళ్ల సేటు నడక చేసి చూపించాడు, నవ్వాం. బయలుదేరేటప్పుడు గల్లీ చివరి దాకా వచ్చి ఆటో ఆపాడు. వచ్చే ఆదివారం ఒస్తవా అని అడిగాడు, వస్తానన్నాను.

ఆ తర్వాత నాకు మళ్లీ జోడీ కుదరలేదు. నన్ను పెట్టుకున్న ఒకే ఒక్క కార్ఖానాలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కణ్ణే అతికాను. రెట్టింపు సమయం పట్టేది. ఒక్కడే చేసే వైపని గురించి మీరు అడిగితే, చెయ్యొచ్చు, కానీ బాగుండదు. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

ఆ ఆదివారం ఇంటికి వచ్చేసరికి లచ్చవ్వ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను చెప్పులు విడిచి లోపలికి పోబోతుంటే చేట పక్కన పెట్టింది. ఇరవై రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఒస్తనన్నడా?"

"రానన్నడు. నాతోని కూసోడట."

"మరి ఏం జూసుకొని గట్ల నవ్వుకుంట ఒస్తున్నవ్?"

నేను నవ్వుతున్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. చేత్తో నోరు తడుముకుని చూశాను. నిజమే. అక్కడే లచ్చవ్వ పక్కన గడప మీద కూర్చున్నాను.